ఫ్రౌక్యా గారి పొగలేని పడవ

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. పొగ లేనిదే ఫారం పూర్తికాదని మా వీకెల్‌దమ్ పురపాలక జలమార్గాల శాఖ సిద్ధాంతం. రెండింటిలో రెండోదే ఎక్కువ కాలం నిలిచేలా ఉంది.

నిరుడు చలికాలం ముందు ఆ శాఖ ఒక ప్రకటన చేసింది. మే ఒకటి నుంచి ఊరి నీళ్లలో పొగ వదిలే పడవ తిరగరాదు. పొగలేని పడవకు పచ్చ స్టిక్కరు ఇస్తారు. స్టిక్కరు లేని పడవకు రేవులో చోటు పోతుంది. (కొత్తగా చోటు కావాలంటే పేరు రాయించుకున్న పదకొండేళ్లకు పిలుపు వస్తుంది. ఈలోగా కాలం చేసినవారి పేర్లు కొట్టేస్తారు కనుక, జాబితా చురుగ్గా కదులుతోందని శాఖ చెప్పుకుంటుంది.)

రేవులో నా పడవ పక్కది ఫ్రౌక్యా సిబెస్మా గారిది. పడవలకు దారివ్వడానికి వంతెన ఎత్తి దించే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. భర్త డౌవె గారికి పక్షవాతం వచ్చి, సరస్సు అవతలి వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. వంతెనకు మరమ్మతు జరుగుతోంది. చుట్టూ తిరిగి వెళ్లే బస్సుకు గంటన్నర పడుతుంది, పడవకు ఇరవై నిమిషాలు. రోజూ మధ్యాహ్నం ఆవిడ బఠాణీ సూపు వేడివేడిగా పట్టుకెళ్లి తినిపిస్తారు. వేరేవాళ్లు పెడితే ఆయన నోరు తెరవరు.

"స్టిక్కరు రాకపోతే ఆయన పస్తే," అన్నారు ఫ్రౌక్యా గారు. చలికాలమంతా నేను తాడు పట్టుకుంటే ఆవిడ డీజిల్ ఇంజను ఊడదీసి, మోటారు బిగించి, అడుగున ఎనిమిది బ్యాటరీలు సర్ది, పైకప్పు మీద రెండు సోలార్ పలకలు వేశారు. మార్చి నెలాఖరులో మొదటిసారి నడిపితే బాతులు కూడా తప్పుకోలేదు. పడవ వస్తోందని వాటికి తెలియలేదు మరి. ఫ్రౌక్యా గారు పక్కకి వంగి, "నీళ్ల చప్పుడు వినిపిస్తోంది," అన్నారు.

ఏప్రిల్ మొదటివారంలో తనిఖీ అధికారి రైండర్ టెర్ప్‌స్ట్రా పొగ కొలిచే యంత్రంతో వచ్చాడు.

"పొగగొట్టం ఎక్కడమ్మా?"

"లేదండీ."

"లేకపోతే యంత్రం ఎక్కడ పెట్టను?"

"పొగే లేదు కదండీ."

"ఆ సంగతి కొలిస్తే కదమ్మా తెలిసేది." ఫారంలో 'కొలతకు యజమాని సహకరించలేదు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

ఫ్రౌక్యా గారు ఊరుకునే మనిషి కాదు. ఇనుప సామాన్ల కొట్లో పొయ్యికి పెట్టే పొగగొట్టం కొనుక్కొచ్చి పడవ వెనక బిగించారు. రెండోసారి వచ్చిన టెర్ప్‌స్ట్రా అందులో యంత్రం దూర్చాడు. సున్నా చూపించింది. ఫారంలో గడులు ఒకటి నుంచి మొదలవుతాయి కనుక, యంత్రం పాడైందని నిర్ధారించి దస్త్రాన్ని పై శాఖలకు పంపాడు.

పై శాఖలు శ్రద్ధగా చదివాయి. సోలార్ పలకలు కరెంటు పుట్టిస్తున్నందున ఇది విద్యుత్ కేంద్రమని ఒక శాఖ తేల్చింది. ఇన్ని బ్యాటరీలున్న చోటు గోదాము కనుక, ఇళ్లకు యాభై మీటర్ల దూరంలో ఉండాలని అగ్నిమాపక శాఖ రాసింది. (మా కాలువ వెడల్పు పన్నెండు మీటర్లు.) పలకలు కప్పులా ఉన్నాయి కనుక ఇది ఇల్లని, ఇరుగుపొరుగుల అభ్యంతరాలు వినాలని గృహ శాఖ అంది. నాకేమీ అభ్యంతరం లేదని రాసిచ్చాను. అభ్యంతరాల విభాగంలో అభ్యంతరం లేని కాగితం తీసుకోరని తిప్పి పంపారు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఇద్దరం శాఖ ఆఫీసులో టోకెను తీసుకుని టెర్ప్‌స్ట్రా కిటికీ దగ్గర నిలబడ్డాం.

"అయ్యా, నాకు స్టిక్కరు వద్దు, పతకం వద్దు," అన్నారు ఫ్రౌక్యా గారు. "పన్నెండున్నరకి ఆయన నోట్లో నాలుగు చెంచాలు పడాలి. అంతే."

అతను కాగితాలు సర్దాడు. మళ్లీ సర్దాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెడ్డు పడవలకి స్టిక్కరు అక్కర్లేదమ్మా. తెడ్లు కనబడాలి, మనిషి వేస్తున్నట్టుండాలి. అవి నీళ్లకి తగలాలని మాత్రం నిబంధనల్లో ఎక్కడా లేదు." వెంటనే కిటికీ మూసేశాడు. (ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను చేసిన తొలి సాయం ఇదేనని, నీరసం వచ్చి రెండు రోజులు సెలవు పెట్టాడని తరవాత విన్నాం.)

మే ఒకటిన ఫ్రౌక్యా గారు రేవు దాటారు. మోకాలితో చుక్కాని పట్టుకుని, రెండు తెడ్లూ గాలిలో ఆడిస్తూ, ఏ పడవ పందేల వీరుడికీ సాధ్యంకాని వేగంతో. వంతెన దగ్గర పనివాళ్లు పని ఆపి చూశారు. (ఆపారంటే, అంతకుముందు చేస్తున్నారని కాదు.) ఆశ్రమం కిటికీలోంచి డౌవె గారు కూడా చూశారు. ఆయన ఒకప్పుడు సరుకు పడవ నడిపిన మనిషి.

"ఏమే, నీ తెడ్డు నీళ్లకి ఆనడం లేదు," అన్నారు ఆవిడ గదిలోకి రాగానే, మాట ముద్దగా వస్తున్నా.

"ఆనకూడదు. అదే రూలు. నువ్వు నోరు తెరువు."

ఆయన తెరిచారు. నవ్వుకి సగం సూపు చొక్కా మీద పడింది. ఆవిడ తుడిచి, మిగతా సగం తినిపించారు.

వేసవి వచ్చేసరికి ఊరంతా ఇంజన్లు ఊడదీసి మోటార్లు బిగించింది, తెడ్లు కొంది. ఆదివారం సాయంత్రాలు కాలువ నిండా పెద్దమనుషులు గంభీరంగా గాలిని తోస్తూ పోయేవారు.

డిసెంబరులో శాఖ వార్షిక నివేదిక వెలువడింది. తెడ్డు పడవలు నాలుగు నుంచి నూట పద్నాలుగుకు పెరిగాయి. పౌరుల వ్యాయామాభిలాషకు అభినందనలు. విద్యుత్ పడవలు సున్నా. (నివేదికలో సున్నాకు గడి ఉంది.) విద్యుత్ పడవలపై ప్రజలకు ఆసక్తి లేదని దీన్నిబట్టి తేలినందున, జనవరి నుంచి డీజిల్‌పై నిషేధం ఎత్తేశారు.