భీమయ్య శ్రీకారం, రేఖ సంతకసంగ్రామం

కాగితం నెత్తిన మనం రాసే శ్రీకారాన్ని అసలు చదివేదెవరు? ఉత్తరం అందుకున్నవాడు దాన్ని దాటేసి క్షేమసమాచారంలోకి దిగుతాడు. చీటీ అందుకున్న కిరాణా సేటు దాన్ని దాటేసి కందిపప్పు దగ్గర ఆగుతాడు. మరి ఆ ఒక్క అక్షరం ఎవరి కోసం? ఈ సందేహాన్ని ఏళ్లుగా మోస్తున్న కథకుడికి సగం జవాబైనా దొరికిన మహాసంగ్రామం ఇది. శ్రద్ధగా వినండి.

ఒక దిక్కున కృష్ణవేణి, మరొక దిక్కున తుంగభద్ర కావలి కాయగా, జరీకొంగుల తళతళలతోనూ విత్తనపత్తి ధవళకాంతులతోనూ విరాజిల్లే నడిగడ్డ సీమయందు, గద్వాల పట్టణమున, కార్తీక శనివారపు ప్రభాతాన, పొయ్యి మీది పాలు పొంగుదునా మానుదునా అని తలపోయుచున్న శుభవేళ, విత్తనపత్తి రైతు భీమయ్య గారి నడింట్లో, ఆయన కోడలు రేఖ ల్యాప్‌టాప్ అను రథమెక్కి సమరసన్నద్ధురాలై కూర్చున్నది.

ఈ యుద్ధానికి మూలం ఒక బాకీ. పైసల బాకీ కాదు. రేఖ డిగ్రీ పరీక్షలనాడు ఆమె ఫోన్ నీళ్ల డ్రమ్ములో పడితే, ఎదురింటి నేతగాడు శాంతయ్య తన ఫోన్ తీసిచ్చాడు. పరీక్షలయ్యేదాకా ఆయన గిరాకీలకు రేఖే జవాబు చెప్పింది. "ఎప్పుడన్న నా చీరెలకు జర ఏదన్న చేసిపెట్టు బిడ్డా, గంతే" అన్నాడు ఆ ఉదారుడు. ఏళ్లు గడిచాయి. ఇన్నాళ్లకు రేఖ ఆయన చీరెలన్నీ కనబడేలా ఒక యాప్ కట్టింది. శాంతయ్య సోమవారం హైదరాబాదు చేనేత సంతకు పోతున్నాడు. చీరె చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయే వాళ్లకు ఈసారి ఫోన్లో యాప్ దింపించి పంపాలని ఆయన ఆశ. యాప్‌ల స్టోర్ వాళ్లు పరిశీలించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కనుక, ఈ మధ్యాహ్నంలోగా పంపకపోతే ఆ ఆశ మళ్లీ వచ్చే ఏటి సంతకే.

పంపాలంటే యాప్ మీద కట్టినవారి సంతకం పడాలి. అది రాజముద్రిక వంటిది, నకలు లేనిది. ఆ ముద్రికకు ఒక తాళం, తాళానికి ఒక పాస్‌వర్డ్. యంత్రం తనంత తాను చదువుకునేలా ఆ పాస్‌వర్డ్‌ను రేఖ ఒక బుల్లి ఫైలులో మొదటి వరుసలోనే, ముందు దాని పేరు, పక్కన అది, రాసిపెట్టింది. ఆ ఫైలు తెర మీద తెరిచి ఉండగానే పాల వాసన రాగా, వీరనారి వంటింటికి పరుగెత్తింది.

అదే అదనుగా రంగప్రవేశం చేశాడు భీమయ్య. శ్రీ రాయనిదే విత్తనాల చీటీ సైతం రాయని ఆచారపరాయణుడు, శనివార ఉపవాసి. తెర మీది రాతను పైనుంచి కిందికి చూశాడు. నెత్తిన ఏమీ లేదు. కోడలు అంత పెద్ద పనికి దిగి శ్రీకారమే మరిచింది. చూపుడువేలినే గదాదండముగా ఎత్తి, కీబోర్డు అను కీకారణ్యమున ఒక్కో అక్షరాన్నే వేటాడి, మొదటి వరుస ముందర ఇంగ్లీషు అక్షరాలతో శ్రీ అని కొట్టి, కాస్త ఎడమిచ్చి, రెండు చేతులూ జోడించి, ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చున్నాడు.

రేఖ వచ్చింది. ఫైలు వైపు చూడకుండానే సేవ్ చేసి మూసింది. సంతకం పెట్టమని యంత్రాన్ని ఆజ్ఞాపించింది.

అంతట యంత్రము రక్తవర్ణాక్షరములతో గర్జించినది: "ఓసీ సాహసినీ, నీ పాస్‌వర్డేదీ? అది లేక ఈ తాళమును తెరువజాలను, నీ యాప్‌ను ముద్రింపజాలను, పొమ్ము."

"ఏందిది, పొద్దుగాల మంచిగనే తెరిచింది గద" అంది రేఖ. చేత్తో పాస్‌వర్డ్ కొట్టి చూస్తే తాళం తెరుచుకుంది. యంత్రాన్ని కొట్టమంటే తెరుచుకోలేదు. మళ్లీ ఆజ్ఞ, మళ్లీ గర్జన. ఆమె నుదుట స్వేదబిందువులు ముత్యాల సరములై మెరిశాయి.

"పరేషాన్ గాకు బిడ్డా. శ్రీరాముడున్నడు" అన్నాడు భీమయ్య. శ్రీ రాశాను కనుక ఇంతటితో పోయింది, లేకుంటే ఎంత ఘోరమయ్యేదో అని ఆయన లోపల్లోపల అనుకున్నాడు.

"నువ్వు లెవ్వయ్యా ఆడికెళ్లి. నువ్వు కూసున్న కాడ ఏ మిషిన్ నడిచింది? మొన్న బోరుమోటరు గూడ గట్లనే ఆగె" అంది ఆయన భార్య నాగేంద్రమ్మ.

మధ్యాహ్నం దగ్గరపడింది. తాళం మంచిదే, పాస్‌వర్డ్ మంచిదే అయితే దోషం మధ్యలో ఉండాలని తలచి, రేఖ ఆ బుల్లి ఫైలును మళ్లీ తెరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది.

"మామా, మీరేమన్న దీన్ని ముట్టిన్రా?"

"నేనా? ముట్టలే. శ్రీ రాసిన, గంతే."

"ముట్టకుంటనే రాసినవా?" అంది నాగేంద్రమ్మ.

"పని మొదలువెట్టేటప్పుడు రాయాలె గద. రాయకుంటే సాగుతదా?"

"రాసినందుకే ఆగింది మామా. ముంగటున్నదని మిషిన్ గా శ్రీనే పేరనుకున్నది. పాస్‌వర్డ్ యాడుందో దానికి దొరకలే."

ఇన్నేళ్లలో శ్రీకారం పనిని ఆపడం భీమయ్య చూడలేదు. "తుడిచెయ్యి బిడ్డా. దేవుడేమనుకోడు" అన్నాడు, తన మాట మీద తనకే నమ్మకం లేని గొంతుతో.

రేఖ వేలు తుడిచే మీట మీదికి వెళ్లి ఆగింది. శ్రీని విడిగా పై వరుసలో నిలబెట్టి, దాని ముందర చిన్న ముగ్గులాంటి హ్యాష్ గుర్తు ఒకటి పెట్టింది.

"గీ గుర్తు ముంగటుంటే మిషిన్ ఆ వరుసను సదవదు మామా. దాటిపోతది."

"మరి సదివేదెవరు?"

"మనుషులు సదువుకుంటరని పెడతరు. దేవుడి సంగతి నాకు తెల్వదు."

"దాటిపోయిందంటే ఉన్నదని తెలిసే గద దాటింది" అనుకున్నాడు భీమయ్య. ఆ తర్కం నిలుస్తుందో లేదో ఆయనకే కాదు, కథకుడికీ తెలియదు.

యంత్రం మాత్రం ఈసారి గర్జించలేదు. హరితవర్ణపు గీత ఒకటి చరచర పాకి, సంతకం పడింది. ముద్రాంకితమైన యాప్ మధ్యాహ్నభోజనానికి ముందే స్టోర్ వాకిట చేరింది.

ఆదివారం సాయంత్రం అనుమతి వచ్చింది. శాంతయ్య చీరెల మూట కట్టడం ఆపి వచ్చి, తన ఫోన్లో తానే యాప్‌ను దింపుకున్నాడు. నెమలికంఠం రంగు చీరె ఒకటి తెరనిండా పరుచుకుంది. ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా చూశాడు.

"కొంగు జర వంకర పడ్డది బిడ్డా."

"ఫోటో మీరే తీసిన్రు గద."

"అవ్, నేనే తీసిన." ఆయన ఫోన్‌ను జేబులో పెట్టుకుని లేచాడు. "సరే. ఇగ నీకూ నాకూ చెల్లు."

దిక్కులు దద్దరిల్లకపోయినా, దుందుభులు మోగకపోయినా, అది మొదలు గద్వాల పట్టణమున రేఖ ఎవరికీ ఏమీ బాకీ లేదు.