పేదల హక్కులు - నా అధ్యక్షతన

పేదల హక్కులను పేదల చేతుల్లో పెట్టకూడదు. పెడితే పాడైపోతాయి!

ఈ మాట వినగానే మీలో కొందరు కుర్చీల్లోంచి లేస్తారని తెలుసు. కూర్చోండి. నేను పేదల శత్రువును కాను, వాళ్ల అధ్యక్షుణ్ణి. మా వీధిలో చిరు వ్యాపారుల హక్కుల పరిరక్షణ సమితి అని ఒకటుంది, దానికి నేను గౌరవాధ్యక్షుణ్ణి. ఆ గౌరవం ఎవరిచ్చారని మాత్రం అడక్కండి. తీర్మానం నేనే ప్రవేశపెట్టి, నేనే బలపరిచాను.

పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క వస్తువూ అమ్మి ఎరగను. ఒకసారి పాత స్కూటరు అమ్మబోయాను. కొనడానికి వచ్చినవాడు దానిలో లోపాలు ఎంచుతుంటే, మొహమాటం కొద్దీ నేనూ ఒకటి రెండు గుర్తుచేశాను. చివరికి దాన్ని మా బావమరిదికి ఊరికే ఇచ్చుకోవాల్సి వచ్చింది. అతను ఇప్పటికీ నన్ను తిట్టుకుంటూనే దాన్ని తోసుకెళ్తున్నాడు.

అయితే ఏమిటంటారా? అదే కదా నా అర్హత! పొద్దున్నుంచి రాత్రిదాకా బేరాల్లో మునిగి ఉండే మనిషికి తన హక్కుల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? నాకు తీరిక ఉంది. రిటైరయ్యాను.

ఇక మా వీధి సంగతి చెప్తాను. మా అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ పొడుగునా ఫుట్‌పాత్ ఉంది. అక్కడ కూరలావిడ, చెప్పులు కుట్టే పెద్దాయన, టీ బండి అతను, తాళాలు చేసే అతను, ఇంకా మరికొందరు కూర్చుంటారు. కూరలావిడ ఎప్పట్నుంచి కూర్చుంటోందంటే, మా అపార్ట్‌మెంటుకు పునాదులు తవ్విన కూలీలు ఆవిడ దగ్గరే ఉల్లిపాయలు కొనుక్కున్నారు. ఆవిడకు కొట్టూ అదే, బోర్డూ అదే. అక్కణ్ణుంచి లేపి రెండు వీధులవతల కూర్చోబెడితే ఆవిడ ఎవరో కాకికి కూడా తెలియదు. ఆ బుట్ట మీదే కూతుర్ని పెంచి పెళ్లి చేసింది. ఇప్పుడు మంచాన పడిన మొగుణ్ణి సాకుతోంది.

అలాంటి ఫుట్‌పాత్‌ను అందంగా తీర్చిదిద్దుతామని మునిసిపాలిటీవాళ్లు ప్రకటించారు. బయట ఇనుప రెయిలింగు, లోపల పూలకుండీలు. కూర్చునేవాళ్ల కోసం ఊరి చివర బస్సు డిపో వెనకాల కొత్త మార్కెట్టు. నేను స్వయంగా వెళ్లి చూసొచ్చాను. నీళ్లున్నాయి, నీడ ఉంది, గోడలకు రంగులున్నాయి. కొనేవాళ్లు తప్ప అన్నీ ఉన్నాయి!

అప్పటిదాకా వీళ్లు తమ చోటు ఎలా కాపాడుకున్నారో వింటే మీకు జాలేస్తుంది. ఒక సమితి లేదు, ఒక బ్యానరు లేదు. వాళ్లకున్నది ఒకే ఒక్క పద్ధతి. చోటు ఖాళీగా వదలరు, అంతే. ఒకరు అన్నానికి వెళ్తే పక్కవాళ్లు చూస్తారు. పెళ్లికి వెళ్తే తోడికోడలో తమ్ముడో వచ్చి కూర్చుంటారు. కూరలావిడకు జ్వరమొచ్చినప్పుడు చెప్పులాయన ఒక చేత్తో చెప్పు, ఒక చేత్తో తక్కెడ పట్టుకుని రోజంతా లాక్కొచ్చాడట. ఆ వేళ వంకాయలు కొన్నవాళ్లు రెండుసార్లు కడుక్కున్నారని మా ఆవిడ చెప్పింది.

ఇదీ ఒక ఉద్యమమేనా? దీనికో సిద్ధాంతం ఉందా? నా మనసు ద్రవించిపోయింది. వెంటనే మీటింగు పెట్టాను.

మీటింగు గురించి మీకు తెలియనిది కాదు. మనిషికి తిండి లేకపోయినా గడుస్తుంది గానీ మీటింగు లేకపోతే చైతన్యం రాదు. మా మీటింగులన్నీ మా హాల్లోనే, సాయంత్రం పూట, వీధిలో బేరాలు జోరుగా సాగే వేళకి. కావాలనే ఆ వేళ పెట్టాను. త్యాగం లేకుండా ఉద్యమం ఉంటుందా? త్యాగం వాళ్లు చూసుకున్నారు, ఉద్యమం నేను చూసుకున్నాను.

మొదటి మీటింగంతా సమితి పేరు మీద చర్చ. రెండోది బ్యానరు రంగు మీద. మూడోదాంట్లో నా ఉపన్యాసం పూర్తికాలేదు కాబట్టి నాలుగోది. టీ బండి అతను ప్రతిసారీ గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. పాపం, వింటూ వింటూ తన్మయత్వంలో పడిపోయేవాడు.

నినాదాలు కూడా నేనే రాశాను. "సాంఘికార్థిక ప్రతిపత్తి పరిరక్షణార్థం సంఘటితమవుదాం!" అని గంభీరంగా చదివి వినిపించాను. కూరలావిడ చెయ్యెత్తింది.

"బాబుగారూ, ఇది అరవడం అయ్యేలోపు మా బుట్టలు లారీ ఎక్కించేస్తారండీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయకుడికి ఓర్పుండాలి. మర్నాడు నినాదానికి ఇంకో మాట చేర్చాను.

చివరికి మహా ఊరేగింపు నిర్ణయించాం. వీధి వీధంతా కదిలి మునిసిపల్ ఆఫీసు ముందు నిలబడాలి! అప్పుడు చెప్పులాయన గొంతు సవరించుకుని, "ఒకరిద్దరం ఇక్కడ ఉంటామండీ, చోటు ఖాళీ అవుద్ది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఐకమత్యం అంటే ఏమిటి? ఇద్దరు తగ్గితే అది ఐకమత్యమా? ఆ మాట మీద ఎంతసేపు మాట్లాడానో నాకే గుర్తులేదు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, పాపం ఆయన చెప్పేది కూడా వినండి" అంది. మహిళా ప్రతినిధి అభిప్రాయాన్ని నమోదు చేసుకుని తోసిపుచ్చాను. నా ఉపన్యాసం అయ్యేసరికి చెప్పులాయన కూడా చప్పట్లు కొట్టాడు. ఇంటికి పోవాలన్న తొందరో, ఉత్సాహమో తెలియదు గానీ కొట్టాడు.

ఆ రోజు చూడాలి మా ఊరేగింపు! కూరలావిడ పెట్టె అడుగున దాచుకున్న పట్టుచీర తీసి కట్టుకుంది. తాళాలతను తాళంచెవుల గుత్తి ఊపుతూ తాళం వేశాడు. బ్యానరు పొడుగు ఎక్కువై మలుపుల దగ్గర మడతపెట్టాల్సి వచ్చింది. వీధిలో ఒక్క మనిషి, ఒక్క బుట్ట, ఒక్క గొడుగు మిగలకుండా అందర్నీ వెంటబెట్టుకుని నేను ముందు నడిచాను. అంత సంపూర్ణమైన ఐకమత్యం నేనెక్కడా చూడలేదు.

మునిసిపల్ ఆఫీసరు ఎంత మర్యాదస్తుడనుకున్నారు! మావాళ్లను బయట ఎండలో నిలబెట్టి, నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, "తొందరేం లేదు సార్, వివరంగా చెప్పండి" అన్నారు. వివరంగా చెప్పాను. నా ఉపన్యాసాన్ని అడ్డుపడకుండా ఆసాంతం విన్న మొదటి మనిషి ఆయనే. మధ్యలో ఫోను మోగితే, "అయిపోయిందా? గుడ్" అని పెట్టేసి, మళ్లీ నావైపు తిరిగి, "ఊఁ, చెప్పండి సార్" అన్నారు. అంత పనిలోనూ పౌరుడి గోడు వినాలన్న ఆ తపన చూశారా!

ఉత్సాహంగా వీధికి తిరిగొచ్చాం. రెయిలింగు ఉంది. లోపల పూలకుండీలున్నాయి. కుండీల్లో నీళ్లు కూడా పోశారు.

పనివాళ్లు సామాను సర్దుకుంటున్నారు. వాళ్ల మేస్త్రీ నన్ను చూసి, "ఇంత సుళువుగా ఏ వీధిలోనూ అవ్వలేదండీ. ఒక్కళ్లూ అడ్డం రాలేదు" అన్నాడు. ఆ గొంతులో నిజమైన కృతజ్ఞత ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఇది మామూలు విజయమా? లాఠీ లేదు, లారీ లేదు, తోపులాట లేదు. పక్క వీధిలో ఇదే పనికి పోలీసులొచ్చారు, తలలు పగిలాయి. మా వీధిలో జనాన్ని నేనే దగ్గరుండి ఖాళీ చేయించాను, అదీ నినాదాలతో! ప్రభుత్వానికి నాలాంటి అధ్యక్షుడు వీధికొకడుంటే ఎంత ఖర్చు కలిసొస్తుంది?

మావాళ్లు ఈ కోణంలో ఆలోచించలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. కూరలావిడ రెయిలింగు పట్టుకుని కాసేపు లోపలికి చూసింది. తర్వాత పట్టుచీర కొంగుతో మొహం తుడుచుకుని, "మమ్మల్ని లేపలేక వాళ్లు ఇన్నేళ్లు తన్నుకున్నారు బాబుగారూ. మీరు మీటింగుతోనే లేపేశారు" అంది.

ఆ రాత్రి మా ఇంట్లో కూర లేదు. ఎందుకు లేదని అడిగితే, "పూలకుండీలో కోసుకురండి" అంది మా ఆవిడ.

తెల్లారి లేచి కిటికీలోంచి చూద్దును కదా, కూరలావిడ మా గేటు పక్కన కూర్చుని ఉంది! రెయిలింగు ఎంత పొడుగు వేసినా గేట్ల ముందు వేయలేరు కదా, కార్లు వెళ్లాలి. ఆ గేటు వారన, కారుకు తగలకుండా, బుట్ట పెట్టుకుంది. పక్క బిల్డింగు గేటు దగ్గర చెప్పులాయన, ఆ పక్క గేటు దగ్గర తాళాలతను. ఎవరు ఏ గేటు దగ్గర కూర్చోవాలో అజెండా లేకుండా, మినిట్స్ లేకుండా, తెల్లవారుజామున నిలబడే తేల్చేసుకున్నారట. నియమావళి ప్రకారం ఇది చెల్లనే చెల్లదు!

వెంటనే అత్యవసర మీటింగుకు కబురు పెట్టాను. ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదయ్యా అంటే, బేరాలున్నాయట. మీటింగు మానేసి బేరాలు చేసుకునే ఉద్యమం ఎక్కడైనా బాగుపడుతుందా? ఈ మాటే ముఖాన చెబుదామని కిందికి దిగాను.

నేను నోరు తెరిచేలోపే కూరలావిడ, "సమయానికొచ్చారు బాబుగారూ! ఆయనకి మందిచ్చి వస్తాను, కాస్త ఇక్కడ కూర్చోండి. చోటు వదలకూడదు" అని, నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టి, తక్కెడ చేతికిచ్చి వెళ్లిపోయింది.

నేల మీద కూర్చుని వీధిని చూడటం నాకదే మొదలు. కింద నుంచి చూస్తే మనుషులు మోకాళ్ల దగ్గర మొదలవుతారు. మా పై అంతస్తాయన, రోజూ నాతో దేశ పరిస్థితుల గురించి వాదించే పెద్దమనిషి, "టమాటాలెంత?" అని అడిగి, నేను తడబడితే, "ధర కూడా తెలీదు, వచ్చి కూర్చుంటారు" అని గొణుక్కుంటూ పోయాడు. నన్ను గుర్తుపట్టలేదు! నా మొహం ఎక్కడికీ పోలేదు, ఎత్తు తగ్గిందంతే.

ఇంతలో మునిసిపాలిటీ వ్యాను ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? మర్యాదకు మారుపేరైన మన ఆఫీసరుగారే. నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ నమస్కారం పెట్టబోయాను.

"ఏయ్, లే. బుట్ట తియ్యి" అన్నారాయన, నా తల మీదుగా గేటువైపు చూస్తూ.

పాఠకమహాశయులారా, నా దగ్గర ఆ సందర్భానికి తగిన ఉపన్యాసం సిద్ధంగా ఉంది. జీవనోపాధి, రాజ్యాంగం, పౌరగౌరవం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ లెమ్మన్నారు, లేచాను. చేతిలో తక్కెడతో సహా లేచి నిలబడ్డాను. సిగ్గేసిందని చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది.

నేను లేవడం ఏమిటి, ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చిందో, కూరలావిడ ఆ గోనెపట్టా మీద చతికిలబడింది. "నేనెవరికీ అడ్డం కాదండీ. కారు పోవడానికి దారుంది, మనుషులు పోవడానికి దారుంది. కావాలంటే ఈ గేటు వాళ్లనే అడగండి" అని నావైపు చూపించింది.

ఆఫీసరు తల తిప్పి, అప్పుడు నన్ను చూశారు. "అరెరే, మీరా సార్! మీ గేటేనా? ఈవిడ మీకు అడ్డంగా ఉందా?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఈ సమస్యను మనం చారిత్రక దృష్టితో పరిశీలించినట్టయితే..."

"బాబుగారూ!" అంది కూరలావిడ. ఆవిడ చెయ్యి బుట్ట అంచును గట్టిగా పట్టుకుని ఉంది. "అడ్డమా, కాదా?"

"కాదు" అన్నాను.

నా జన్మలో అంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు. ఆఫీసరు, "సరే సార్, గేటు మీది, మీకే ఇబ్బంది లేనప్పుడు మాకేం?" అని వ్యానెక్కేశారు. కూరలావిడ కృతజ్ఞతలు చెబుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఆవిడ నా చేతిలో తక్కెడ లాక్కుని, "పక్క గేటు వాళ్లతో కూడా ఆ ముక్క చెప్పించండి, వ్యాను అటే పోయింది. చెప్పులాయన ఒక్కడే ఉన్నాడు" అంది. చెప్పులు జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తాను.

కాబట్టి నా వాదనలో మార్పేమీ లేదు. పేదల హక్కులకు నాలాంటివాడు ఉండి తీరాలి. "నేనెవరికీ అడ్డం కాదు" అన్న మాట ఆవిడ వచ్చిన ప్రతి లారీకీ, ప్రతి ఆఫీసరుకూ చెబుతూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరూ చెవిన పెట్టలేదు. నేను ఒక్కసారి అనగానే వ్యాను తిప్పుకుని వెళ్లిపోయారు. నేను ఆవిడకంటే బాగా మాట్లాడతాననుకునేరు. నాకు గేటుంది, ఆవిడకు లేదు.