గుమ్మం దగ్గరి సంచీ

సెలవుల మొదటి రోజు పొద్దున్నే బొంతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు మార్పించుకోవాలి, వచ్చేటప్పుడు బ్రెడ్డు తేవాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆ మూడో పని ఆవిడ పథకంలోకి రావడం పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఇంట్లో ఎవరూ ఆ సంగతి గమనించలేదు.

బొంతమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. పన్నెండేళ్ళ క్రితం ఆవిడ ఇంటిల్లిపాది పాత బట్టలతో ఒక పెద్ద బొంత కుట్టడం మొదలుపెట్టింది. వంద చదరపు ముక్కలు కావాలని లెక్క. ఎనభై నాలుగు కత్తిరించింది, పది కలిపి కుట్టింది, నచ్చక ఆరు విప్పింది. అవన్నీ కుట్టుమిషను పక్కన నీలం సంచీలో ఉండేవి. ప్రతి గురువారం మధ్యాహ్నం అయ్యేసరికి ఎదురింటి టైలరూ, పై వీధి నర్సూ వచ్చి మిషను చుట్టూ చేరేవారు. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు ఈవిడే. అప్పటినుంచీ స్నేహం. ముగ్గురూ టీ తాగుతూ ముక్కల్ని నేలమీద పరిచి, అటూ ఇటూ మార్చి, చీకటి పడేలోగా మళ్ళీ సంచీలో వేసేవారు. ఒక్కోసారి ఒక్క కుట్టు కూడా పడేది కాదు, కానీ వాళ్ళ నవ్వులు వీధి చివరిదాకా వినబడేవి.

కూతురు వేరే ఊళ్ళో లెక్కల టీచరు. ప్రతి ఏడాది చివరి సెలవులకూ ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "అమ్మా, బొంత ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. ఈసారీ అడిగింది. బొంతమ్మ "వస్తోంది" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పొద్దున చెప్పులు తొడుక్కుంటూ ఆవిడ లోపలికి కేకేసింది. "అమ్మాయ్! పాత బట్టల వ్యాను వస్తుంది. గుమ్మం దగ్గర సంచీ పెట్టాను, ఇచ్చెయ్!"

నోట్లో టూత్‌బ్రష్షుతో కూతురు "ఊఁ" అంది. వ్యాను వచ్చింది, గుమ్మం దగ్గర సంచీ ఉంది, ఇచ్చేసింది. గంటన్నర తర్వాత తండ్రి హాల్లోకి వచ్చి మిషను పక్కకి చూశాడు.

"నీలం సంచీ ఏదమ్మా?"

"గుమ్మం దగ్గరుంటే వ్యానుకి ఇచ్చేశాను. అమ్మే ఇమ్మంది."

తండ్రి తలుపు వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ ఇంకో సంచీ ఉంది, నిండా ఆయన చిరుగుల ప్యాంట్లు. "అదమ్మా ఇవ్వమన్నది! అది కూడా గుమ్మం దగ్గరే! నువ్విచ్చింది బొంత!"

కూతురు అక్కడే గోడకి జారగిలబడింది. తండ్రి వ్యాను ఆఫీసుకి ఫోన్ చేశాడు. తీసుకున్న బట్టలన్నీ యంత్రంలో నొక్కి మూటలు కట్టేశామనీ, అందులోంచి సంచీ వెతకడం అయ్యే పని కాదనీ వాళ్ళు చెప్పారు.

"అమ్మకి ఏం చెప్తాం నాన్నా?"

"ఏం చెప్పొద్దు. మళ్ళీ తయారుచేద్దాం."

"ఏ ముక్క ఎలా ఉండేదో ఎవరికి గుర్తు?"

తండ్రి పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఏ గూట్లో ఏ వీధి ఉందో చూడకుండా చెప్పగలడు. కూతురి పుట్టినరోజు మాత్రం ఏటా మరిచిపోతాడు. ఆయన ఒక పార్సిల్ ఫారం వెనక్కి తిప్పి, పెన్సిలు తీసి, కళ్ళు మూసుకున్నాడు.

"మొదటి వరసలో మూడోది, నువ్వు సైకిలు మీంచి పడ్డప్పటి ఎర్ర గౌను. మోకాలి దగ్గర చిరిగింది, అమ్మ పువ్వు కుట్టింది. దాని పక్కది మన మొదటి అద్దెగది కర్టెను, నీలం. ఆ గదికి కిటికీ ఒక్కటే, అయినా మీ అమ్మ రెండు కర్టెన్లు కుట్టింది. రెండోది ఎందుకే అంటే, రేపు పెద్ద ఇంటికి వెళ్ళమా అంది. తర్వాత నర్సమ్మ యూనిఫాం, నువ్వు పుట్టిన రోజుది..."

కూతురు వింటూ వింటూ ముక్కు తుడుచుకుంది. ఫారం నిండిపోయింది. ఎనభై నాలుగులో ఆయనకి రెండే గుర్తు రాలేదు, ఆ రెండింటికీ చాలాసేపు తనని తాను తిట్టుకున్నాడు.

అరగంటలో స్నేహితురాళ్ళిద్దరూ వచ్చి వాలారు. నర్సు ఈమధ్యే రిటైరైంది, కానీ గొంతు ఇంకా వార్డులోనే ఉంది. "ఎవరూ కంగారు పడొద్దు. గాలి పీల్చండి. వదలండి. ఇప్పుడు చెప్పండి." చెప్పారు. ఆవిడే ముందు కుర్చీలో కూలబడింది.

టైలరు ఎప్పుడూ పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. "మూడు రోజులు చాలన్నయ్యా, ముక్కలు నేను కత్తిరిస్తా. ఆ మూడు రోజులూ వదిన ఇంట్లో ఉండకుండా చూడండి."

"అది నాకొదిలెయ్యండి," అంది నర్సు. "నా కాలు బెణుకుతుంది."

మధ్యాహ్నం బొంతమ్మ కొత్త కళ్ళజోడుతో ఇంటికి వచ్చి, కాళ్ళు చాపుకోబోతుండగా కబురొచ్చింది. నర్సు మెట్లమీద జారిందట. ఆవిడ బ్రెడ్డు టేబులు మీద పడేసి పరిగెత్తింది. నర్సు మంచం మీద ఎడమ కాలికి ఇంత లావు కట్టుతో మూలుగుతోంది.

"నువ్వు లేకపోతే నా గతేంటి వదినా! రేపూ ఎల్లుండీ కూడా రావా?"

"రాకుండా ఎక్కడికి పోతాను? నోరు మూసుకుని పడుకో," అని బొంతమ్మ సూపు కాచడానికి వెళ్ళింది.

ఇక్కడ ఇంట్లో బట్టల బీరువాలు తెరుచుకున్నాయి. పాతవి దొరికినంతవరకూ పాతవే కత్తిరించారు. దొరకనిచోట రంగు కలిస్తే చాలనుకున్నారు. కూతురు తన కొత్త గౌను అంచు త్యాగం చేసింది. నర్సు దాచుకున్న ఆఖరి యూనిఫాం ఇస్త్రీ చేసి మరీ పంపింది. తండ్రి తనకున్న ఒకే ఒక గోధుమరంగు గళ్ళ కోటు తెచ్చి, టైలరు వద్దంటున్నా, వీపు మధ్యలోంచి ఒక ముక్క కోయించాడు.

"వీపేంటన్నయ్యా? అందరికీ కనిపిస్తుంది!"

"నాకు కనిపించదుగా."

కోటు లేకుండా ఆ డిసెంబరు చలిలో తిరిగితే భార్యకి అనుమానం వస్తుంది. వేసుకుంటే కన్నం కనిపిస్తుంది. అందుకని ఆయన కోటు వేసుకుని, భార్యకి వీపు చూపించకుండా తిరగడం మొదలుపెట్టాడు. గదిలోకి మామూలుగా వచ్చేవాడు, వెళ్ళేటప్పుడు నవ్వుతూ వెనక్కి నడిచేవాడు. రెండో రోజు పొద్దున పూలకుండీ ఒకటి పగిలింది.

నీలం కర్టెను ముక్క దగ్గర టైలరుకి చిక్కొచ్చింది. ఆ నీలం ఎక్కడా దొరకలేదు, ఒక్క తన దుకాణంలో తప్ప. వీధి మలుపులో ఉన్న స్కూలువాళ్ళు ఏడాది చివరి ఫంక్షన్‌కి కుట్టమని ఇచ్చిన స్టేజీ తెర అది. కుట్టడం అయిపోయి, మడతపెట్టి ఉంది. ఇంత పెద్ద తెరలో అరచేయంత ముక్క పోతే ఎవరికి తెలుస్తుందని కత్తెర పెట్టింది. బట్ట ఏంటో గట్టిగా ఉంది అనుకుంటూనే రెండు చేతులతో నొక్కి కోసింది. ఇంతలో స్కూలువాళ్ళు వచ్చారు. కోసింది సంచీలో కుక్కి, తెర వాళ్ళ చేతిలో పెట్టి పంపేసింది. తెర ఎనిమిది మడతల్లో ఉందన్న మాట ఆవిడకి తట్టలేదు.

రెండో రోజు బొంతమ్మ సూపు గిన్నెతో నర్సు ఇంటికి వెళ్ళేసరికి కట్టు కుడి కాలికి ఉంది. ఆవిడ గుమ్మంలోనే ఆగి, ఆ కట్టుకేసి చూసి, లోపలికి వెళ్ళి సూపు వడ్డించింది. పాపం, ఉద్యోగం అయిపోయాక ఒంటరితనం, మనిషి కోసం ఈ నాటకం అనుకుంది. ఆ రోజంతా దగ్గరే కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి వార్డు కబుర్లు తవ్వుకున్నారు. చంటిపిల్ల ఏడుపు ఆపడానికి నర్సు స్టెతస్కోపుతో ఆడించిన సంగతీ, డాక్టరు అది వెతుక్కుంటూ వార్డంతా తిరిగిన సంగతీ చెప్పుకుని ఇద్దరూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక బొంతమ్మ గొంతు మారింది.

"వదినా, నువ్వు నర్సువి. నా దగ్గర దాచకు. మా ఆయన వెనక్కి నడుస్తున్నాడు."

నర్సుకి సూపు గొంతులో అడ్డం పడింది.

"నిన్నటినుంచీ చూస్తున్నాను. అమ్మాయి నన్ను చూస్తే గది తలుపేసుకుంటోంది. టైలరు నేను ఎదురుపడితే దుకాణంలోకి దూరిపోతోంది. మీకందరికీ తెలుసు. ఆయనకేం జబ్బు?"

గుట్టు కాపాడతానని నర్సు మాటిచ్చింది. అందుకని తోచిందేదో అనేసింది. "అది... వయసుతో వస్తుంది వదినా. కొందరికి."

"తగ్గుతుందా?"

"ఎల్లుండికల్లా తగ్గాలి."

బొంతమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. ఎల్లుండికి తగ్గకపోతే? ఆవిడ ఇంటికి వచ్చి, భర్తని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గ్లాసుల పాలు తాగించింది. ఇన్నేళ్ళలో ఆయన్ని విసుక్కున్న సందర్భాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తండ్రికీ వినబడింది. బొంత పోయిన సంగతి తెలిసిపోయిందనుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఆయనా ఒక మూల ఏడ్చాడు.

మూడో రోజు పొద్దున బొంతమ్మ ఇక నర్సింటికి వెళ్ళలేదు. భర్త చెయ్యి పట్టుకుంది. "పదండి, పెద్దాసుపత్రికి పోదాం. ఏదైనా సరే, ఇద్దరం కలిసే పడదాం."

"దేనికే?"

"మీరిక నా దగ్గర నటించొద్దండీ."

సరిగ్గా అప్పుడే స్కూలు హెడ్‌మిస్ట్రెస్ స్టేజీ తెరని భుజాన వేసుకుని వచ్చింది. టైలరు ఇక్కడుందని ఎవరో చెప్పారట. ఆవిడ తెర హాల్లో పరిచింది. ఎనిమిది కన్నాలు, వరసగా, కొలిచినట్టు.

"చూడండమ్మా! నిన్న రిహార్సల్లో ఒక్కో కన్నంలోంచి ఒక్కో పిల్లాడు తల బయటపెట్టి చూస్తున్నాడు! రేపే ఫంక్షన్!"

పెరటి గుమ్మంలోంచి కూతురి గదిలోకి దూరిన టైలరు కత్తెరతో సహా బయటికి వచ్చింది. బొంతమ్మ ఎంతకీ రాలేదేమిటా అని నర్సు కూడా అప్పుడే వీధి గుమ్మంలో అడుగుపెట్టింది, రెండు కాళ్ళమీదా చక్కగా నడుచుకుంటూ. కంగారులో తండ్రి హెడ్‌మిస్ట్రెస్‌కి కుర్చీ వెయ్యడానికి గిరుక్కున తిరిగాడు. బొంతమ్మకి ఆయన వీపు కనిపించింది.

"అయ్యో! ఇదా మీ జబ్బు?"

కూతురు ఇక ఉండబట్టలేక అమ్మని పట్టుకుని బావురుమంది. "తప్పు నాదేనమ్మా. నీలం సంచీ వ్యానుకిచ్చేశాను. నీ బొంత పోయింది."

బొంతమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నేనే కదే ఇమ్మన్నాను."

"అంటే... ఆ నీలం సంచీయేనా?"

"అదే. ఆ ప్యాంట్లు నేల తుడవడానికి దాచాను. పన్నెండేళ్ళు! సెలవులొస్తే చాలు, బొంత ఎంతవరకు వచ్చింది, బొంత ఎంతవరకు వచ్చింది! నాకు విసుగొచ్చింది. ఈ సెలవుల్లో సూది ముట్టుకోకూడదనుకున్నాను. కాళ్ళు చాపుకుని నవల చదువుకుందామని నాలుగు తెచ్చిపెట్టుకున్నాను. మీకు చెప్తే ఒప్పుకోరని చెప్పలేదు."

టైలరు పెదవుల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి చేతిలో పెట్టుకుంది. "వదినా, లోపల ముక్కలున్నాయి. తక్కువైన పదహారూ కలిపి వంద."

బొంతమ్మ లోపలికి వెళ్ళింది. మంచం మీద, పార్సిల్ ఫారంలో రాసిన వరసలోనే, ముక్కలు పరిచి ఉన్నాయి. ఆవిడ వంగి ఒక్కొక్కటే తాకింది. ఎర్ర గౌను. అద్దెగది నీలం. నర్సు యూనిఫాం మీద ఇంకా ఇస్త్రీ వెచ్చదనం ఉన్నట్టే ఉంది. నడిమధ్యలో లేతపసుపు ముక్క దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇది నా సంచీలో లేదే?"

తండ్రి తల వంచుకున్నాడు. "అందరివీ పెట్టావు. పన్నెండేళ్ళలో నీది ఒక్కటీ పెట్టలేదు. నాకదే గుర్తొచ్చింది. అందుకని నీ డ్రెస్సు..."

బొంతమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. కళ్ళజోడు మసకబారింది. తర్వాత మెల్లగా అంది. "అది రేపు ఫంక్షన్‌కి వేసుకుందామని దాచుకున్న కొత్త డ్రెస్సండీ."

ముందు నర్సు నవ్వింది, తర్వాత హెడ్‌మిస్ట్రెస్, ఆ తర్వాత ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో ఆ గదిలో తేల్చడం కష్టమైంది. టైలరు అప్పటికప్పుడు కూర్చుని తెర కన్నాలకి ఎనిమిది రంగుల అతుకులు వేసింది. మర్నాడు ఫంక్షన్‌కి వచ్చినవాళ్ళు డిజైను బాగుందన్నారు.

బొంత విషయంలో మాత్రం బొంతమ్మ మాట మార్చలేదు. "ముక్కలు మీరు కోశారు, మీరే కుట్టండి" అంది. ఫంక్షన్ మర్నాడు భర్త, కూతురు, నర్సు, టైలరు నలుగురూ నేలమీద గుండ్రంగా కూర్చుని సూదుల్లో దారాలు ఎక్కించారు. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కాళ్ళు చాపుకుని నవల తెరిచింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పదిహేను పేజీలు చదివింది, ఇరవై రెండు కుట్లు విప్పించింది.