ముదురు తెలుపు

వంతెన కొట్టుకుపోయిన వరదకు మూడో ఏట, లోకంలో వృథా అన్నది ఇక ఉండరాదని రంగుల కార్ఖానా వారు తీర్మానించారు. (లోకానికి కబురు పంపలేదు.) తీర్మానం అమలుకు ఒక కంప్యూటరు కొన్నారు. ఏ రోజు ఏ రంగు కలిపితే ఖర్చు అన్నిటికంటే తక్కువో అది లెక్క కట్టి చెబుతుంది.

ఈ సంగతి తొట్టి మేస్త్రికి అందరికంటే ఆఖర్న తెలిసింది. ఒక రంగు తీసి మరో రంగు కలిపేముందు పెద్ద తొట్టిని కడగడం ఆయన పని. కడిగాక భుజం మీది తెల్ల తువ్వాలుతో లోపలంతా తుడిచి చూపిస్తాడు. మరక అంటకపోతేనే కొత్త రంగు పోస్తారు. ఆ తొట్టి మీదే ఆయన ఇల్లు గడుస్తోంది.

కంప్యూటరుకు ముందు నష్టాలన్నీ చెప్పాలట. తొట్టి కడిగితే ఎంత నష్టమని ప్లానింగు ఆఫీసరు అడిగితే మేనేజరు పెద్ద అంకె చెప్పాడు.

"మరి సరుకు ఆలస్యమైతేనండీ?"

"ఆలస్యమా? మన దగ్గరా? పరువు తీస్తావేంటయ్యా! సున్నా వెయ్."

సున్నా వేశారు. పరువు నిలిచింది.

కడిగితే నష్టం, ఆలస్యం ఉచితం. కంప్యూటరుకు ఇంతకంటే ఏం కావాలి? ముందు తెలుపు కలపమంది. దాని వెనక పసుపు, ఆ వెనక ఎరుపు, చిట్టచివర నలుపు. లేత రంగు అడుగున మిగిలినా ముదురులో కలిసిపోతుంది గనక కడగక్కర్లేదు. నలుపు తర్వాత ఏమిటంటే, నలుపే అంది. ఆ తర్వాతా నలుపే.

"నీ పని అయిపోయింది బావా," అన్నాడు తొట్టి దగ్గరి ఫోర్‌మన్, మేస్త్రికి స్వయానా బామ్మర్ది. "ఆ తువ్వాలు మా అక్కకిచ్చెయ్, మసిగుడ్డకి పనికొస్తుంది."

"నోర్ముయ్ రా. ఆసుపత్రివాళ్లు తెలుపు అడిగారుగా? నల్లగోడల మధ్య కాన్పులు చేస్తారా?"

"పుట్టేవాడికి అవన్నీ ఏం తెలుస్తాయిలే బావా!"

ఆసుపత్రికి నలుపే వెళ్లింది, డబ్బా మీద 'ముదురు తెలుపు' అన్న చీటీతో. బడికి 'ముదురు పసుపు' వెళ్లింది. (మూత తీయనంత సేపూ ఎవరూ తప్పు పట్టలేదు.) తర్వాత డబ్బాలన్నీ వెళ్లిన దారినే తిరిగొచ్చాయి.

గోదాములో కాలు పెట్టే చోటు లేకపోయింది. నిలవ సరుకు వల్ల నష్టం కూడా చెప్పండని కంప్యూటరు అడిగితే, చెప్పారు. ఈసారి అది రెప్పపాటులో తేల్చింది: ఏమీ తయారు చేయకపోవడమే అన్నిటికంటే చవక. ఇంత చక్కటి ప్రణాళిక పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నాడు మేనేజరు. పనివాళ్లందరి చేతా చప్పట్లు కొట్టించి, ఇళ్లకు పంపేశాడు.

"అయితే మన పొయ్యి కూడా వెలిగించకపోతే చవకేగా?" అంది ఆ సాయంత్రం మేస్త్రి భార్య.

మేస్త్రి మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని మళ్లీ కార్ఖానాకే వెళ్లాడు. ఏమీ తయారు చేయకుండా ఉండటానికి వారం వారం ప్రణాళిక వేయాలని ప్లానింగు విభాగంలో కొత్తగా ఎనిమిది కుర్చీలు వేశారు. వాటిని తుడిచే పనిలో చేరాడు.