భవిష్యవాణిగారి రివర్సు గేరు

ఆఫీసులో అందరూ ఆయన్ని భవిష్యవాణి అంటారు. వచ్చే వందేళ్ళలో మానవజాతి ఏమైపోతుందో టిఫిన్ డబ్బా మూత తీసేలోపు చెప్పేస్తాడు. రేపటికి కావాల్సిన ఫైలు ఎక్కడుందో మాత్రం చెప్పలేడు.

కార్ల విషయమైతే ఇక ఆపడం ఎవరి తరం కాదు. "ఇంకో ఇరవై ఏళ్ళు, అంతే. స్టీరింగులుండవు. కార్లే నడుపుకుంటాయి. మనిషికి కాళ్ళతో పని తగ్గి తగ్గి, చివరికి తోక పోయినట్టే అవీ పోతాయి" అంటాడు. అని, గోడ గడియారం చూసి, ఆ కాళ్ళతోనే అయిదూ పది బస్సు కోసం పరిగెడతాడు.

కారు లేక కాదు. ఉంది, ఎర్రది. ఇంటి ముందు గేటుకీ కరెంటు స్తంభానికీ మధ్య షోరూం డ్రైవరు మూడేళ్ళ కిందట ఎలా పెట్టి వెళ్ళాడో అలాగే ఉంది. ప్రతి ఆదివారం దాన్ని తుడుస్తాడు, పావుగంట ఇంజను ఆన్ చేసి లోపల కూర్చుంటాడు, ఎక్కడికో వెళ్ళొచ్చినవాడిలా ఒళ్ళు విరుచుకుంటూ దిగుతాడు.

ఎందుకు తియ్యవయ్యా అంటే సమాధానం సిద్ధం. "తీస్తే చోటు పోతుంది. మేడ మీద పళ్ళ డాక్టరు కాచుక్కూర్చున్నాడు. సందు దొరికితే ఏదో ఒకటి పెట్టెయ్యడం ఆయన వృత్తి."

అసలు సంగతి వేరు. బయటికి తియ్యడం ఆయనకీ వచ్చు. మళ్ళీ ఆ సందులో పెట్టాలంటే రివర్సులో రావాలి, అదే రాదు. ఈ ఒక్క ముక్క బయటపడిందా, ఇంటా బయటా ఆయన చెప్పిన భవిష్యత్తంతా ఒక్కసారే కూలిపోతుంది.

గండం భార్య లైసెన్సు రూపంలో వచ్చింది.

"ఏమండీ, రేపట్నుంచి బండి నేను తీస్తాను."

"ఎందుకే? ఇరవై ఏళ్ళలో అవే నడుస్తాయి."

"అప్పటిదాకా నేను నడుపుతా. తర్వాత దానిష్టం."

"నడపడమనేది మానవజాతి మర్చిపోబోతున్న విద్య."

"మీరు అందరికన్నా ముందే మర్చిపోయినట్టున్నారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు బస్సుకెళ్ళే ముందు ఆయన బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు ఒకటి ఊడదీశాడు.

సాయంత్రం అమాయకంగా అడిగాడు. "తీశావా?"

"స్టార్టవలేదండీ."

"చూశావా, యంత్రాలకీ మనసుంటుంది. కొత్త చెయ్యి పడితే అలుగుతాయి."

"అలాగా" అందావిడ. పన్నెండేళ్ళ కాపురం తర్వాత కూడా ఆ "అలాగా"లోని మెత్తదనానికి భయపడకపోవడం ఆయన తప్పే.

అప్పట్నుంచీ ఆదివారం వైరు తగిలించడం, పావుగంట కాగానే ఊడదియ్యడం. అలా మూడు నెలలు గడిచాయి.

ఒకరోజు ఆఫీసులో నీళ్ళ పైపు పగిలి, ఫైళ్ళు తేలుతున్నాయని అందర్నీ మధ్యాహ్నమే పంపేశారు. వీధి మలుపు తిరిగి చూస్తే ఎర్ర కారు లేదు. దాని చోట్లో డాక్టరుగారి తెల్ల కారు తాపీగా నిలబడి ఉంది.

రెండేసి మెట్లెక్కుతూ మేడ మీదికి పరిగెత్తాడు. కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు.

"నా కారేదండీ?"

"రౌండుకెళ్ళింది" అన్నాడు డాక్టరు. "పదింటికి మీ ఆవిడ తీస్తారు, నేను పెడతా. మధ్యాహ్నం నేను తీస్తా, తను పెడతారు. మూడు నెలల్నుంచీ ఇదే పద్ధతి. మీకు చెప్పలేదా?"

ఇప్పుడు భవిష్యవాణి నోరూ తెరుచుకుంది. డాక్టరు అలవాటు కొద్దీ అందులోకి తొంగిచూసి, "వెనకాల ఒకటి పుచ్చింది, వీలు చూసుకుని రండి" అన్నాడు.

కిందికొచ్చేసరికి ఎర్ర కారు వస్తోంది, ముందు ఎల్ బోర్డుతో. స్టీరింగ్ దగ్గర పక్కింటి టైలరమ్మ. పక్కన భార్య. వెనక సీట్లో బ్యూటీపార్లర్ ఆవిడ, రిటైరైన లెక్కల మాస్టారు.

"ఏమిటిదంతా?"

"నా శిష్యులండీ."

"మరి ఆ వైరు..." నోరు జారాడు.

"మొదటి పాఠం అదేగా అన్నయ్యగారూ" అంది టైలరమ్మ. "ఎవరో ఊడదీసిన వైరు తగిలించడం. వచ్చాక మళ్ళీ ఊడదీసి పెట్టడం ఆఖరి పాఠం. మా డ్రైవింగు టీచరమ్మకి పద్ధతంటే పద్ధతే."

ఈలోగా డాక్టరు వచ్చి తన కారు తీసేశాడు. సందు ఖాళీగా నోరు తెరుచుకుంది. టైలరమ్మ దిగింది. భార్య పక్క సీట్లోంచి కదలకుండా అంది: "ఎలాగూ వచ్చారుగా, మీరు పెట్టండి. అనుభవం ఉన్నవాళ్ళు ఎలా పెడతారో వీళ్ళూ చూస్తారు."

వెనక సీటు ఇద్దరూ ఉత్సాహంగా దిగి నిలబడ్డారు. లెక్కల మాస్టారు జేబులోంచి నోట్సు కూడా తీశాడు. ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"అది కాదే, ఇంకో ఇరవై ఏళ్ళలో..."

"అంతసేపు ఇలా అడ్డంగా ఉంచలేమండీ. వెనక పాల వ్యాను హారన్ కొడుతోంది."

ఆయన గొంతు తగ్గించాడు. "నాకు రివర్సు రాదే."

"తెలుసులెండి" అందావిడ, అంతకన్నా మెల్లగా. "గేరు నేను చెప్తా. ముందు అద్దంలోకి చూడండి."

"చూస్తున్నా."

"ఏం కనపడుతోంది?"

"నేనే."

"ఆ అద్దమే తిప్పుకోవాలి" అందావిడ. "వెనకాల చాలామంది ఉన్నారు."