తెల్ల గుడ్ల మీద నల్ల మచ్చలు

అల్లుడు ఆ ఉదయం వేసుకున్న పథకంలో అరగంట పని, కప్పు కాఫీ, మధ్యాహ్నం బస్సు తప్ప మరేమీ లేవు. మామగారి కోళ్లఫారంలో గుడ్లు ఏరే యంత్రం ఒకటుంది. దాని కెమెరా ప్రతి గుడ్డునూ ఫొటో తీస్తుంది. మచ్చ కనిపిస్తే గుడ్డు పక్క ట్రేలోకి దొర్లుతుంది. దానికి ప్రోగ్రామ్ రాసింది అల్లుడే. కుర్చీలో కూర్చుని చేసేదీ ఒక పనేనా అని పెళ్లినాటి నుంచీ అనుమానించే మామగారి దగ్గర కాస్త పరువు సంపాదించాలని అతడి కోరిక. కోరిక చిన్నదే కాని ఆరేళ్లుగా తీరలేదు.

షెడ్డులో వెలుతురు చాలక కొన్ని ఫొటోలు మసకగా వస్తున్నాయి. ఫొటోలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే కటిక నలుపు, రెండువందల యాభై అయిదు అంటే తెల్లటి తెలుపు. ఫొటోల్లో వెలుగు పెరగాలని అల్లుడు ప్రతి అంకెకీ అరవై కలిపి, చేతులు దులుపుకుని కాఫీకి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి కొంప మునిగింది. తళతళలాడే గుడ్లన్నీ పక్క ట్రేలోకి పోతున్నాయి. యంత్రం తెర మీద నల్ల మచ్చలు చూసిన మామగారు కోళ్లకేదో రోగం తగిలిందని పశువుల డాక్టరును పిలిపించారు. ఆయనా గుడ్డు వంక చూడలేదు. తెర వంకే చూసి, తల పంకించి, తిండిలో తేడా అని తేల్చి, నీళ్లలో మందు కలిపించి వెళ్లాడు. మామగారు వెంటనే దాణా వ్యాపారికి ఫోన్ చేసి, పాతికేళ్ల స్నేహితుడని కూడా చూడకుండా కడిగేశారు. అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు.

మూల కూర్చున్న మామగారి అక్కగారు అప్పుడు లేచారు. యంత్రం రాకముందు ముప్పై ఏళ్లు గుడ్లు ఏరిన మనిషి ఆవిడ. పక్క ట్రేలోంచి ఒకటి తీసి కిటికీ వెలుగులో తిప్పి చూశారు.

"మచ్చ గుడ్డు మీద లేదురా తమ్ముడూ. టీవీలో ఉంది."

అక్కకు చత్వారమని మామగారు కొట్టిపారేశారు. అల్లుడు మాత్రం గబగబా ప్రోగ్రామ్ తెరిచి చూశాడు. రెండువందల నలభైకి అరవై కలిస్తే మూడువందలు. కాని ఆ అంకె ఉండే గడిలో రెండువందల యాభై అయిదుకు మించి పట్టదు. మించితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మూడువందలు కాస్తా నలభై నాలుగై కూర్చుంది. మరీ తెల్లగా ఉండటమే ఆ గుడ్లు చేసిన నేరం. అంకెలను ముందు పెద్ద గడిలోకి మార్చి, అక్కడ కూడి, హద్దు మీరినవాటిని హద్దు దగ్గరే ఆపి, ఆ తర్వాత చిన్న గడిలోకి దించాలి. ప్రోగ్రామ్‌లో రెండు వరుసల పని. బద్ధకించాడు.

అది సరిచేయగానే మంచి గుడ్లు మంచి ట్రేలోకి వచ్చాయి. మందు ఎంత బాగా పనిచేసిందో అని మామగారు పొంగిపోయారు. నోరు మూసుకుంటే ఉన్న పరువైనా దక్కుతుంది. కాని తన బద్ధకానికి ఒక స్నేహం బలయిందనుకుంటే అల్లుడికి నిజంగా సిగ్గేసింది.

"మామయ్యగారూ, కోళ్లకి రోగం లేదు, దాణాలో తేడా లేదు. తప్పు నాది. దాణా ఆయన్ని నేనే వెళ్లి క్షమించమని అడుగుతాను."

మామగారు మాట్లాడేలోగా గేటు దగ్గర స్కూటర్ ఆగింది. దాణా వ్యాపారి తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"నెల రోజులుగా దాణాలో ఊక కలుపుతున్నాను. నువ్వు పట్టేస్తావనుకోలేదు."

మామగారు అతణ్ణి, అల్లుణ్ణి, చివరికి యంత్రాన్ని చూశారు. అల్లుడు ఆరేళ్లుగా ఎదురుచూసిన గౌరవం ఆ కళ్లలో కనిపించింది.

"అల్లుడుగారూ, ఆ తప్పు మళ్లీ అందులో పెట్టగలరా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.