గుండు మీది కుండ

హలో! వినబడుతోందా? ఆఁ, అందరూ కులాసాయేనా? కాఫీలు అయ్యాయా? అయితే ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుని కాస్త తీరుబడిగా కూర్చోండి. ఇవాళ చలపతిరావు గారి కుండ సంగతి చెప్పుకుందాం. ఇది 1973 నాటి మాట. పుప్పాలగూడలో అప్పటికి అద్దాల మేడలు లేవు. ఎటు చూసినా పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు, జొన్నచేలు. పట్నం బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది.

చలపతిరావుది బందరు. పట్నంలో సర్కారు కొలువు. కిరాయి తక్కువని పుప్పాలగూడలో ఇల్లు తీసుకున్నాడు. సామాను పూర్తిగా సర్దకముందే ‘సర్వజన చిత్రకళా మండలి’ స్థాపించాడు. లాభాపేక్ష లేని సంస్థ అని బోర్డు మీద తనే స్వయంగా రాశాడు. సర్వజనులు లేని సంస్థ అని రాయలేదు గానీ, అది రాయకపోయినా తెలుస్తూనే ఉండేది.

మొదటి ఏడాది బొమ్మల ప్రదర్శన పెడితే ఊళ్ళోంచి ఒక మేక వచ్చింది. పచ్చిక బయలు బొమ్మను సగం తినేసి వెళ్ళింది. ‘అంత సహజంగా వేశానన్నమాట’ అని చలపతిరావు పొంగిపోయాడు. మరుసటి ఏడాది ఆడవాళ్ళకు ముగ్గుల తరగతి పెట్టాడు. వాళ్ళు వచ్చి, ఆయన వేసిన ముగ్గును జాలిగా చూసి, వంకరలు సరిదిద్ది, పనులున్నాయని వెళ్ళిపోయారు. చివరికి ప్రతి ఆదివారం ఉచిత చిత్రలేఖనం తరగతి ఒక్కటి మిగిలింది. దానికి శిష్యుడు కూడా ఒక్కడే, పోచయ్య. కల్లు గీయడం మానేశాక చేతులు ఊరుకోక కుంచె పట్టిన పెద్దాయన. చలపతిరావు ఆయనకు నేర్పిన సూత్రం ఒక్కటే: “ఎదురుగా కనిపించింది వెయ్యి పోచయ్యా. అదేమిటి, ఎందుకు అని అడగకు.” పోచయ్య ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు.

మండలి ఉండేది ఊరి చివర పంచాయతీ వారి ఒంటి గదిలో. యూరియా బస్తాలు పెట్టుకోవడానికి బాగుంటుందని ఆ గది మీద సర్పంచి ఎల్లేశం కన్నుపడింది.

“సారూ, ఒక్క పోచయ్య కోసం అర్ర దేనికి?” అన్నాడు ఎల్లేశం. “బొమ్మలు వానకు తడిస్తె ఏమైతది? రంగు పోతది, గంతే. యూరియా తడిస్తె పంట పోతది. జర నువ్వే ఆలోచన చెయ్యి.”

“కళ కూడా పంటేనండీ, సర్పంచి గారూ.”

“గట్లయితె ఒక పని. ఆదివారం పట్నంల నుంచి కళల ఆఫీసరు వస్తుండు గదా, నీ మండలిని చూసిపోతానికి? గా సారు వచ్చేసరికి మా ఊరోళ్ళు ఈడ కనబడాలె. కనబడితె అర్ర నీది. లేకుంటె సోమారం బస్తాలు దింపిస్త.”

ఊరివాళ్ళను ఎలా రప్పించాలో చలపతిరావుకు తోచలేదు. ఆదివారం నాడు ఆ గది తలుపు తీయకుండా బతకడమెలాగో అంతకన్నా తోచలేదు. కనీసం ఉన్న ఒక్క శిష్యుడి ముందు ఆఫీసరు మెచ్చే నిశ్చల చిత్రమైనా పెట్టాలనుకున్నాడు. నిశ్చల చిత్రమంటే మరేమీ లేదు. కదలని వస్తువులను నాలుగింటిని అందంగా అమర్చి, చూసి వేసే బొమ్మ.

ఆదివారం పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి కొత్త మట్టికుండ చంకన పెట్టుకున్నాడు.

“ఏమండీ, ఆ కుండ ఎక్కడికండీ?” అంది భార్య నాగేశ్వరి.

“కళకి.”

“నిమ్మకాయలో?”

“అవీ కళకే.”

“ఊరగాయకని ఏరి ఏరి తెప్పించుకున్నానండీ! ఒక్కటి తగ్గినా ఊరుకోను.”

“బొమ్మ వేయగానే అన్నీ తెచ్చిస్తాగా. బొమ్మలో నిమ్మకాయలు అరగవే!”

గది ఎదుట నడుమెత్తు గుండు ఒకటుంది. చలపతిరావు దాని మీద కుండ పెట్టాడు. మట్టిరంగు మరీ చప్పగా ఉందనిపించి అడుగున సున్నం పూశాడు. పైన పసుపు పూశాడు. పసుపు మీద ఎరుపు పడితే కంటికి నిండుగా ఉంటుందని కుంకుమ బొట్లు పెట్టాడు. పచ్చదనానికి కుండ మెడకు వేపమండలు చుట్టి, చుట్టూ నిమ్మకాయలు పేర్చాడు. వెలుగునీడలు తెలియడానికి మూత మీద ప్రమిద వెలిగించాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఇంత గొప్ప కూర్పు నాకు ఎలా తట్టిందబ్బా అని తనే ఆశ్చర్యపోయాడు.

మీలో హైదరాబాదు వాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఆషాఢం వస్తే ఇక్కడ ఆడవాళ్ళు కొత్తకుండలో అన్నం వండి, సరిగ్గా అదే సున్నం, అదే పసుపు, అవే వేపమండలు, అదే దీపంతో నెత్తిన పెట్టుకుని అమ్మవారికి తీసుకెళతారు. దాన్నే బోనం అంటారు. చలపతిరావు ఏటా ఆ ఊరేగింపును మేడ మీద నుంచి చూశాడు. చిత్రకారుడి చూపు కదా, ఆయనకు రంగులు కనిపించాయి గానీ కుండలు కనిపించలేదు. అది ఆషాఢమని కూడా ఆయనకు పట్టలేదు.

పోచయ్య వచ్చాడు. గుండు వంక చూశాడు. చెప్పులు దూరంగా విడిచి, గుండును తాకి కళ్ళకద్దుకుని, నోరు మెదపకుండా కూర్చుని రంగులు కలపడం మొదలుపెట్టాడు. శిష్యుడి శ్రద్ధకు చలపతిరావు మురిసిపోయి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రావడానికి ఇంటికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి గుండు చుట్టూ జనం. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, పొలానికి బయలుదేరి మధ్యలో ఆగిన వాళ్ళు. అందరూ కుండ వైపే రెప్పవేయకుండా చూస్తున్నారు. చలపతిరావు పరుగున ముందుకొచ్చాడు. ఇన్నాళ్ళకు! నిశ్చల చిత్రానికి ఇంత శక్తి ఉందా!

“దగ్గరికి రండమ్మా, సిగ్గుపడకండి,” అన్నాడు. “ఆ దీపం వెలుగు చూడండి, ఎలా పడుతోందో!”

“చూసినం సారూ!” అంది చంద్రమ్మ. ఊళ్ళో పాలు పోసే ఆవిడ. ఆమె నోట పడ్డ మాట పాలకన్నా ముందు ఇంటింటికీ చేరేది. “మస్తు వెలుగున్నది. నా పానం ఝల్లుమన్నది.”

“అదీ! కళ చూడగానే అలాగే అనిపించాలి!”

ఇంతలో ఒకావిడ కాళ్ళు కట్టిన కోడిని తెచ్చి గుండు పక్కన పెట్టింది. చలపతిరావు ఉలిక్కిపడ్డాడు.

“అయ్యో, కోడి వద్దమ్మా! కోడి దీనికి సరిపోదు!”

జనంలో గుసగుస మొదలైంది. “కోడి సరిపోదంటుండు సారు.” “మరి?” “మ్యాకనే గావాలె గావచ్చు.” ఎవరో పరుగెత్తారు. మేక వచ్చింది. నాలుగేళ్ళ కింద ప్రదర్శనకు వచ్చిన మేక ముఖకవళికలే దీనికీ ఉన్నాయి.

“ఇదేమిటి! ఇంకేమీ తేకండి! దాన్ని ఎవరూ ముట్టుకోకండి!” అని చలపతిరావు చేతులు చాచి అరిచాడు.

“ఇన్నరా? ముట్టుకోవద్దంట! జరగుర్రి, జరగుర్రి! చెప్పులు ఇడువుర్రి!” అంటూ చంద్రమ్మ గుండు చుట్టూ ముగ్గుతో గీత గీసేసింది. మామూలు గీత కాదు, వంకర లేని గీత.

అప్పుడు వచ్చాడు ఎల్లేశం, మీసం దువ్వుకుంటూ. “ఏందీ లొల్లి? సారూ, ఆఫీసరు కోసం కిరాయికి మందిని తెచ్చినవా?”

“కిరాయి మందేంది సర్పంచీ, కండ్లు కనబడ్తలేవా?” అంది చంద్రమ్మ. “బోనం నెత్తి మీదనన్న ఉండాలె, అమ్మ ముంగటనన్న ఉండాలె. ఇది ఎవలు ఎత్తకుంట గుండు మీద కూసున్నది. అంటె ఏంది? అమ్మనే ఈడికి వచ్చిందన్నట్టు. ఎందుకొచ్చిందంటవ్? ఈ అర్రల యూరియా పెడ్తనంటివి గదా నువ్వు!”

ఎల్లేశం చేయి మీసం మీదే ఆగిపోయింది. “నేను... ఉత్తగ అన్న గదనే, చంద్రమ్మా.”

“ఉత్తగ అన్నవా? మరి నిన్నటి సంది నీ బర్రె పాలెందుకిస్తలేదు?”

ఎల్లేశం ముఖం సున్నం కొట్టినట్టయింది. మెల్లగా చెప్పులు విడిచాడు.

చలపతిరావుకు ‘బోనం’ అన్న మాట చెవిన పడింది గానీ మెదడుకెక్కలేదు. ఎక్కించింది నాగేశ్వరి. నిమ్మకాయల కోసం వచ్చి, జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, గుండును ఒకసారి, మొగుణ్ణి ఒకసారి చూసింది.

“ఏమండీ,” అంది పళ్ళ బిగువున, “మీరు పెట్టింది బొమ్మ కాదు. బోనం.”

“అబ్బే, ఇది నా సొంత కూర్పే!”

“అక్కడ సున్నం, ఇక్కడ పసుపు, మెడకి వేపాకు, నెత్తిన దీపం. ఈ ఊరి ఆడవాళ్ళు ఎన్ని తరాల నుంచి కూరుస్తున్నారో అడగండి. ఇప్పుడు నా నిమ్మకాయలు ఎవరిస్తారండీ? అమ్మవారి దగ్గర్నుంచి లాక్కోమంటారా?”

చలపతిరావు లోలోపల లెక్క వేసుకున్నాడు. ఊరుకుంటే మండలి నిలుస్తుంది. ఆఫీసరు వచ్చి జనాన్ని చూస్తాడు, ఎల్లేశం మాట మీద నిలబడక తప్పదు. ఊరుకోవడం ఒక్కటే చేయాల్సిన పని. కానీ చేతులు జోడించిన ఆ జనాన్ని చూస్తూ ఊరుకోవడం ఆయనకు చాతకాలేదు.

జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఆఫీసరు సోమేశ్వరరావు దిగి, జనాన్ని చూసి నోరు తెరిచాడు.

“వీళ్ళంతా మీ మండలి సభ్యులేనాండీ?”

“కాదండీ,” అన్నాడు చలపతిరావు. తర్వాత జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. “అమ్మా, అయ్యా, నన్ను క్షమించండి. ఇది బోనం కాదు. బొమ్మ వేసుకుందామని నేనే పెట్టిన కుండ. తెలియక చేశాను. లోపల అన్నం కూడా లేదు.”

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మేక కూడా నమలడం ఆపింది. అయిపోయింది, ఇక సోమవారం బస్తాలే అనుకున్నాడు చలపతిరావు.

చంద్రమ్మ నవ్వింది. “నువ్వే పెట్టినవని ఎరుకనే సారూ. నీ చేతనే పెట్టిచ్చుకున్నది. ఎందుకు పెట్టినవో నీకు తెల్వది, ఆమెకు తెలుసు. అన్నం అంటవా, ఎంతసేపు? మా ఇంట్ల పొయ్యి మీద ఉడుకుతున్నది.”

“ఎంత మాటన్నావమ్మా!” అని సోమేశ్వరరావు బూట్ల ముడులు విప్పడం మొదలుపెట్టాడు.

ఎల్లేశం ఇక ఆగలేదు. గుండు ముందుకు వచ్చి గట్టిగా అన్నాడు. “యూరియా ముచ్చట ఇగ లేదు. అందరు ఇనుర్రి. ఈ అర్ర ఇయ్యాల్టి సంది అమ్మది!”

జనం హోరుమన్నారు. చలపతిరావు మాత్రం కుప్పకూలినట్టు మెట్టు మీద కూర్చున్నాడు. యూరియా నోట్లోంచి తప్పించుకున్న గది నేరుగా అమ్మవారి ఒళ్ళో పడింది. మండలి ఎటు చూసినా రోడ్డు మీదే.

“గట్ల కూసుంటవేంది సారూ?” అంది చంద్రమ్మ. “ఏడాదికోసారి కుండ మార్చాలె. అర్ర గోడలకు రంగులెయ్యాలె. అమ్మ నిన్ను పట్టుకున్నది, నువ్వే వెయ్యాలె. నీ ఒక్కనితోని ఏడైతది, మాకు గూడ నేర్పు. ఆదివారమేనా నీ బడి?”

“ఆ... ఆదివారమే.”

“వస్తం. కని ఒక్క ముచ్చట. ముగ్గు మాత్రం నువ్వు వెయ్యకు.”

సోమేశ్వరరావుకు అప్పుడు శిష్యుడి సంగతి గుర్తుకొచ్చింది. ఇంత గోలలోనూ చోటు కదలకుండా బొమ్మ వేస్తున్న పోచయ్య దగ్గరికి వట్టికాళ్ళతో వెళ్ళి తొంగిచూశాడు. కాగితం నిండా ఊరు ఉంది. చంద్రమ్మ పాలచెంబు, కోడి, మేక తోక, ఎల్లేశం మీసం మీద ఆగిపోయిన చేయి, నాగేశ్వరి కళ్ళలో నిప్పులు, చివరికి ఆఫీసరు విప్పిన బూట్లు కూడా.

“అద్భుతం! కానీ, కుండ ఏదయ్యా?”

“ఏడున్నది సారూ?” అన్నాడు పోచయ్య. “మీరందరు అడ్డం నిలవడితిరి. కనబడిందే వెయ్యమన్నడు మా సారు.”

“బోనమని తెలిసి కూడా నాకు ముందే ఎందుకు చెప్పలేదు పోచయ్యా?” అన్నాడు చలపతిరావు నీరసంగా.

“అడగద్దన్నవు గద సారూ. మొక్కు ఉన్నదేమో అనుకున్న.”

ఆ రోజు నుంచి మండలికి ఆదివారాలు చాలలేదు. కుండలకు రంగులు వేయడానికి పక్క ఊరు నార్సింగి నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవారు. గదిలో ఒక మూల దీపం వెలుగుతుండేది, మిగతా మూడు మూలల్లో కుంచెలు ఆరుతుండేవి. గోడ మీద కుండ లేని కుండ బొమ్మ వేలాడేది. మండలి పదో వార్షికోత్సవంలో చరిత్ర చెప్పమంటే చలపతిరావు లేచి, “మా సంస్థను స్థాపించింది నేనే, కానీ నడిపింది మా ఆవిడ నిమ్మకాయలు,” అని కూర్చున్నాడు.

నచ్చితే ఈ కథను మీ వాళ్ళందరికీ పంపండి. బోనాల ముందు పంపితే మరీ మంచిది. నాగేశ్వరి గారికి మాత్రం పంపకండి, ఆవిడ ఇప్పటికీ నిమ్మకాయలు అడుగుతున్నారు.